ఎడం ఐదు మీటర్లు

మోటార్లకు తీగ చుట్టే మేస్త్రి ఆ రోజు పొద్దుటి నుంచి ఒక్క మోటారును కూడా ముట్టుకోలేదు. కొట్టు ముందు నీళ్ళ మోటార్లు, ఎవరిదో మిక్సీ, రెక్క వంగిన పంకా వరసగా కూర్చుని, వైద్యుడి వాకిట్లో రోగుల్లా ఎదురుచూస్తున్నాయి. వాటి తాలూకు మనుషులు వచ్చి లోపలి గదిలోకి తొంగిచూశారు. చెవులకు డిప్పలు తగిలించుకుని కళ్ళు మూసుకుని కూర్చున్న మేస్త్రి కనిపించాడు. ఇవాళ ఈయన ఈ లోకంలో లేడనుకుని వచ్చిన దారినే వెళ్ళిపోయారు.

లోకంలోనే ఉన్నాడు. కాకపోతే అందులో చాలా దూరాన ఉన్నాడు. సముద్రం మధ్య ఒక దీవి, దీవి మీద లైట్‌హౌస్, లైట్‌హౌస్‌లో ఒక ఆడమనిషి గొంతు. ఆ గొంతుకు ఆయన ఒక్క మాట చెప్పుకోవాలి. అదీ ఆ మధ్యాహ్నం లోపలే చెప్పుకోవాలి. ఆ పూట దాటితే ఆ గొంతు మళ్ళీ గాలిలోకి రాదు.

మేస్త్రికి మోటార్లు బతుకుతెరువు, రేడియో పిచ్చి. పాటలు వినే రేడియో కాదు. పరీక్ష రాసి, లైసెన్సు పుచ్చుకుని, మైకు చేతబట్టి, ముక్కూ మొహం తెలియనివాళ్ళను "నా గొంతు ఎలా వినిపిస్తోంది, మీ వైపు ఎండ ఎలా ఉంది" అని అడిగే హామ్ రేడియో. "ఎండ సంగతి తెలియాలంటే వాకిట్లోకి వెళ్తే చాలదా?" అని పెళ్ళయిన కొత్తలో ఆయన భార్య అడిగింది. పెళ్ళి పాతబడింది గాని ఆ ప్రశ్న పాతబడలేదు.

ఎన్ని మాటలన్నా ఆవిడ ఆ రేడియోను బయట పారెయ్యమని మాత్రం ఎన్నడూ అనలేదు. దానికి కారణం వాళ్ళ కూతురు.

కూతురు పుట్టిన రోజున పడిన వాన గురించి మేస్త్రి చెప్పేది వింటే, మబ్బులు వీధిలోకి దిగి తలుపు తట్టాయనీ, చేపలు కిటికీలోంచి తొంగిచూసి ఇంట్లో తడి చాలదని పెదవి విరిచి వెళ్ళిపోయాయనీ నమ్మాల్సి వస్తుంది. అందులో ముప్పాతిక తీసేసినా మిగిలింది తక్కువేమీ కాదు. రోడ్డు తెగింది. ఫోను చచ్చింది. రావాల్సిన నర్సు అవతలి ఒడ్డున చిక్కుకుపోయింది. నొప్పులు మాత్రం వాన తగ్గేదాకా ఆగుతామనలేదు. కాళ్ళూ చేతులూ ఆడక మేస్త్రి రేడియోను బ్యాటరీకి తగిలించి, ఎవరైనా ఉన్నారా అని గాలిలోకి అరిచాడు.

లైట్‌హౌస్ నుంచి ఆ గొంతు పలికింది. "కంగారు పడకండి తమ్ముడూ, అడిగి చెప్తాను" అంది. కాసేపాగి, నీళ్ళు కాచమంది. మళ్ళీ "ఆగండి, అడిగి చెప్తాను" అంది. కత్తెర మరిగించమంది. ఇప్పుడు బలం పెట్టమనండి అంది, ఇప్పుడు వద్దనండి అంది. ఆమె పక్కన ఎవరో పెద్ద డాక్టరు నిలబడి చెబుతున్నాడని మేస్త్రికి అర్థమైంది. చివరికి పిల్ల పుట్టింది. పుట్టి, ఏడవలేదు.

"ఏడవడం లేదక్కా" అన్నాడు మేస్త్రి మైకులో.

"నోరు తుడవండి. గుడ్డతో వీపు రుద్దండి. గట్టిగా రుద్దండి, ఏం కాదు."

రుద్దాడు. కాసేపటికి పిల్ల ఇంటికప్పు ఎగిరిపోయేలా ఏడ్చింది. ఆయన ఏడుస్తూ నవ్వుతూ మైకు అందుకునేసరికి బ్యాటరీ అయిపోయి రేడియో నల్లగా మొహం పెట్టుకుని ఉంది.

వానలు తగ్గి కరెంటు వచ్చాక పిలిస్తే ఆ గొంతు లేదు. ఆమెకు వేరే లైట్‌హౌస్‌కు బదిలీ అయిందని తోటి హామ్‌లు చెప్పారు. రాసిన ఉత్తరం మనిషి లేదని తిరిగొచ్చింది. చెప్పని మాట మేస్త్రి గుండెలో అలాగే ఉండిపోయింది. దాని చుట్టూ ఆయన, మోటారుకు తీగ చుట్టినట్టే, కథలు చుట్టుకుంటూ వచ్చాడు. ఆ కథల్లో డాక్టరుగారికి ఏడాదికో డిగ్రీ చేరేది. ఈ మధ్య ఆయన ఇద్దరు విదేశీ మహారాణులకు కాన్పులు కూడా చేశాడు.

పిల్లను అందరూ "రేడియో" అని పిలిచారు. రేడియో పెరిగి పెద్దదై సిటీ బస్సు డ్రైవరయింది.

ఈ మధ్యనే ఒక రోజు, సోల్డరింగ్ చేసుకుంటూ రేడియో వింటున్న మేస్త్రి, చేతిలో కాలుతున్న సోల్డరింగ్ కడ్డీ ఉందన్న సంగతి మరిచి లేచి నిలబడ్డాడు. అదే గొంతు. వయసు మీద పడి కాస్త బొంగురుపోయింది గాని "ఆగండి తమ్ముడూ" అనడంలో ఆ వాటం అదే. ఉద్యోగం చివర్లో మళ్ళీ పాత దీవికే వచ్చిందట. ఆ దీపాన్ని ఇకమీదట మనిషి లేకుండా యంత్రమే వెలిగిస్తుందట. శుక్రవారం మధ్యాహ్నం లాంచీ వస్తుందనీ, తాను దీవి వదిలి వెళ్ళిపోతున్నాననీ, రేడియోను మాత్రం ఆఖరున పెట్టెలో పెడతాననీ అందరికీ చెబుతోంది.

మేస్త్రి పిలిచాడు. మర్నాడూ పిలిచాడు. ఆమె మాట ఈయనకు కాస్తో కూస్తో అందుతోంది, ఈయన మాట ఆమెకు అందడం లేదు. పిట్ట కొంచెం కూత ఘనం అంటారు గాని, ఈయన చేతులతో కట్టుకున్న రేడియోకు పిట్టతో పాటు కూతా కొంచెమే. దానికి తోడు వీధి అవతల ఐసు ఫ్యాక్టరీ. అందులోని పాత మోటారు నిప్పురవ్వలు కక్కుతూ రేడియోలో ఒకటే గరగర. ఎవరిమీదైనా పడి పోట్లాడదామంటే, ఆ మోటారు తాను చుట్టిందే.

"కన్నవాళ్ళ పోలికే బావా. పని తక్కువ, గోల ఎక్కువ" అన్నాడు బావమరిది.

బావమరిది ఎదురింట్లో ఉంటాడు. టైలరు. మెడలో టేపు వేసుకుని పుట్టాడా అన్నట్టుంటాడు. మనిషిని చూడగానే మొహం కంటే ముందు భుజం కొలత గుర్తుపెట్టుకుంటాడు గనుక వీధంతా అతన్ని "అంగుళం" అంటారు.

గురువారం సాయంత్రం మేస్త్రి అంగుళాన్ని కూర్చోబెట్టి సంగతి చెప్పాడు.

"ఇప్పుడున్నది ఒక్క తీగ. డైపోల్ అంటారు దాన్ని. నిలువుగా వేలాడదీస్తే నాలుగు దిక్కులా ఒకేలా అరుస్తుంది. నాకు నాలుగు దిక్కులెందుకు? సముద్రం దిక్కు ఒక్కటి చాలు."

"మిగతా మూడు దిక్కులవాళ్ళూ బతికిపోతారు."

"విను ముందు. అలాంటి తీగ ఇంకోటి దీని పక్కన వేలాడదీసి, రెంటినీ ఒకేసారి అరిపించామనుకో. ఎదురుగా ఉన్నవాళ్ళకు రెండు గొంతులూ కలిసి వినిపిస్తాయి. పక్కనుంచి వచ్చే గోలేమో ముందు ఒక తీగకు తగిలి, తరవాత రెండోదానికి తగులుతుంది. ఆ మధ్య నడకలో దాని తల కిందులవుతుంది. ఒకటి పైకి లాగితే ఒకటి కిందకు లాగుతుంది. రెండూ కలిస్తే సున్నా. మీ ఇంటికీ మా ఇంటికీ మధ్య తాడు కట్టి తీగలు వేలాడదీశామనుకో, ఐసు ఫ్యాక్టరీ సరిగ్గా ఆ వరసలోకే వస్తుంది. సముద్రం ఎదురుగా వస్తుంది."

"అయితే మోటారు నోరు మూతపడి, నీ నోరు పెద్దదవుతుందన్నమాట. అక్కకు చెప్పావా ఈ సంగతి?"

"అంతా ఎడంలో ఉంది. మరీ దగ్గర పెడితే ఒక్క దుప్పట్లో ఇద్దరు పడుకున్నట్టే, వీడి నిద్ర వాడు చెడగొడతాడు. మరీ దూరం పెడితే ఎవడి దారి వాడిది. మా అల పొడుగు పది మీటర్లు, అందులో సగం ఎడం ఉండాలి. జానెడు ఎక్కువైనా పర్లేదు, తక్కువ కాకూడదు."

అంగుళం తలూపాడు. అతను తలూపాడంటే కొలత అర్థమైందని లెక్క, మిగతాది అర్థమైందని కాదు.

శుక్రవారం పొద్దున్నే, బళ్ళు తిరగకముందు, తాడును వీధిలో అడ్డంగా నేలమీద పరిచారు. మొదటి తీగను మేస్త్రి తన చేత్తోనే, తన ఇంటివైపు కొసకు రెండు మీటర్ల లోపలగా కట్టాడు. రెండోది కప్పీ మీద ఇటూ అటూ జరిగేలా పెట్టి, దాన్ని లాగే సన్నతాడు అంగుళానికి అప్పజెప్పాడు.

"ఎడం ఐదు మీటర్లు. గుర్తుందా? నేను లోపల కేబుళ్ళు అతికించుకుంటాను. ఎడం ఐదు మీటర్లకు ముడి వేసి పైకి లాగెయ్యి."

"కొలత నాకు చెప్పకు బావా" అన్నాడు అంగుళం.

సముద్రం వైపు తిరిగి నిలబడితే మేస్త్రి ఇల్లు ఎడమపక్క, టైలరు ఇల్లు కుడిపక్క. అంగుళం సముద్రం వైపు తిరిగి నిలబడ్డాడు. ఎడం అంటే ఎడమే కదా అనుకున్నాడు. తాడు ఎడమ కొస నుంచి టేపు పెట్టి, ఐదు మీటర్లు, వెంట్రుకవాసి తేడా లేకుండా కొలిచి, అలవాటుకొద్దీ కుట్టుకని అరంగుళం వదిలి, ముడి వేశాడు. తరవాత మేడెక్కి తాడు బిగించాడు. లారీ వెళ్ళినా తగలనంత ఎత్తున రెండు తీగలూ వీధి మీద నిలువుగా వేలాడాయి. వాటి మధ్య ఎడం మూడు మీటర్లు.

మేస్త్రి బయటికి వచ్చి ఒక్కసారి తల ఎత్తితే సరిపోయేది. కాని అప్పటికే గాలిలో ఆ గొంతు వచ్చేసింది. ఒక్కొక్కళ్ళనే పిలిచి సెలవు తీసుకుంటోంది. ఆ కుర్చీలోంచి లేస్తే తనను పిలిచినప్పుడు లేకుండా పోతానేమోనని ఆయన బెంగ. పైగా టేపు పట్టినవాడు అంగుళం. కొలతలో వాడిని అనుమానించడమంటే గడియారాన్ని పట్టుకుని టైమెంతని సూర్యుణ్ణి అడగడమే.

చెవుల్లో గరగర అలాగే ఉంది. కాస్త మారినట్టుంది గాని తగ్గలేదు. మేస్త్రి పిలిచాడు. అవతల ఆమె "ఎవరో పిలుస్తున్నారు, చాలా సన్నగా ఉంది, అందడం లేదు" అంది. ఆ మాటకు ఆయన ప్రాణం లేచొచ్చింది. సన్నగానైనా తాకింది. ఇక గింజంత చాలు.

రెండు తీగలూ ఇంకా దగ్గరగానే ఉన్నాయేమో, ముడి జారిందేమో అనుకున్నాడు. లోపలి గదిలోంచి, గడప దగ్గర నిలబడ్డ భార్యతో అన్నాడు:

"కొంచెం ఎడం చెయ్యమను."

ఆవిడ ఎదురింటి మేడకేసి తల ఎత్తింది. "ఒరేయ్, ఎడం చెయ్యంటున్నార్రా మీ బావ."

అంగుళం సన్నతాడును కుడిచేతిలోంచి ఎడమచేతిలోకి మార్చుకున్నాడు. "ఆ, మార్చా. ఎలా ఉందో అడుగు."

"ఎలా ఉందని అడుగుతున్నాడు."

"ఏమీ మారలేదు. ఇంకా ఎడం చెయ్యాలి."

"ఇంకా ఎడం చెయ్యట."

అంగుళం తన రెండు చేతుల వైపూ చూసుకున్నాడు. "ఉన్నది ఒకటే ఎడం చెయ్యక్కా. ఇంకోటి ఎక్కణ్ణుంచి తేను?"

ఆవిడ లోపలికి తిరిగి, "వాడివల్ల కాదంటున్నాడు" అంది.

"ఎందుకు కాదు? గట్టిగా లాగితే అదే వస్తుంది."

"గట్టిగా లాగితే వస్తుందంటున్నార్రా."

"ఏంటి, చెయ్యా?" అన్నాడు అంగుళం. "నేను కుట్టుకు బతికేవాణ్ణి, ఆ చెయ్యి ఊడితే గుండీలు ఎవరు కుడతారు?"

"వాడేదో గుండీలంటున్నాడండీ."

"గుండీలేమిటే, ఆవిడ వెళ్ళిపోతోందక్కడ" అన్నాడు మేస్త్రి. ఆ మాట కోపంగా మొదలై సగంలో తడిసిపోయింది. అది విని భార్య ఇక వేళాకోళం ఆపేసింది. గడప దిగి వీధి మధ్యకు నడిచింది గాని, ఏ తీగ ఎక్కడుండాలో ఆవిడకూ తెలియదు. ఆవిడ కళ్ళకు అవి బట్టల్లేని బట్టలతాళ్ళు.

చెవుల్లో ఆ గొంతు "లాంచీ కనిపిస్తోంది, ఇక మూటలు దింపుకోవాలి" అంటోంది.

సరిగ్గా అప్పుడు డ్యూటీ దిగిన కూతురు వీధి మొదట్లోంచి వచ్చింది. నాన్న రమ్మన్నాడని తోటి డ్రైవరుకు ఒక ట్రిప్పు అంటగట్టి వచ్చింది. ఖాకీ చొక్కా ఇంకా ఒంటిమీదే ఉంది. వీధి మధ్య అమ్మ, మేడ మీద ఎడమచెయ్యి గాలిలో పెట్టుకుని మావయ్య, లోపల నాన్న కేకలు.

"ఏమయింది?"

"మీ నాన్న ఎడం చెయ్యంటున్నారు. వాడు పెట్టాడు. సరిపోవడం లేదట" అంది తల్లి.

రేడియో ఒక్క క్షణం తల ఎత్తి తీగల్ని చూసింది. తరవాత నడుం పట్టుకుని వీధి మధ్యలో నవ్వడం మొదలుపెట్టింది.

"మావయ్యా, ఎడం చెయ్యి కాదు. ఎడం చెయ్యి."

"అదేగా పట్టుకున్నాను."

"అయ్యో, ఎడంగా జరపమని. దూరం, దూరం. ఆ రెంటినీ విడదియ్యి."

"దూరమా?" అన్నాడు అంగుళం. "దూరాన్ని దూరం అనొచ్చుగా మనిషి. పొద్దున్నుంచీ ఎడం ఎడం అని చంపుతున్నాడు."

"మా బస్సులో ఇదే గోల. కండక్టరు ఎడం అంటే పక్కకు తిప్పాలో, ముందున్న బండికి దూరం జరగాలో తెలియక చస్తుంటాను. ముడి ఎక్కణ్ణుంచి కొలిచావు?"

"ఎడమ కొస నుంచి."

"తీగ నుంచి కొలవాలి. టేపు వెయ్యి."

అంగుళం ముడి విప్పాడు. అన్నీ మరిచి కొలత ఒక్కటే గుర్తున్న మనిషిలా, సన్నతాడు మీద టేపు ఆనించి, తగ్గిన రెండు మీటర్లూ కొలుచుకుంటూ రెండో తీగను తనవైపు లాక్కోవడం మొదలుపెట్టాడు. ఒక మీటరు వచ్చింది. ఇంకాస్త వచ్చింది.

లోపల మేస్త్రి చెవుల్లో గరగర పలచబడింది. వడియగట్టినట్టు, ఒక పొర తరవాత ఒక పొర తీసేస్తున్నట్టు తగ్గుతూ వచ్చింది. చివరికి, గదిలో ఎవరో పంకా ఆపితే అంతవరకూ పంకా తిరుగుతోందని తెలిసినట్టు, ఒక్కసారిగా నిశ్శబ్దం. ఐసు ఫ్యాక్టరీ మోటారు బయట తిరుగుతూనే ఉంది, చెవుల్లో లేదంతే. ఆ నిశ్శబ్దం మధ్య ఆ గొంతు, పక్కగదిలోంచి మాట్లాడినంత దగ్గరగా వచ్చింది.

"ఇంకెవరైనా ఉన్నారా? లేకపోతే నేను రేడియో కట్టేస్తున్నాను."

మేస్త్రి మైకు బటన్ నొక్కాడు. ఆ బటన్ నొక్కి ఉంచితే మన మాట వెళ్తుంది, వదిలితే వాళ్ళ మాట వస్తుంది. తనకు లైసెన్సులో ఇచ్చిన గుర్తు అక్షరాలు చెప్పి, "ఉన్నానక్కా, ఉన్నాను, కట్టెయ్యకండి" అన్నాడు.

"చెప్పండి తమ్ముడూ. ఇందాక సన్నగా పిలిచింది మీరేనా? ఇప్పుడు గంటకొట్టినట్టుంది. ఏం చేశారు?"

ఆమె అలా అడక్కుండా ఉండాల్సింది. హామ్ రేడియో మనిషిని యాంటెన్నా గురించి అడగడమంటే, కొత్తగా తాతయినవాణ్ణి మనవడి గురించి అడగడమే. చెప్పుకోవాలని ఏళ్ళ తరబడి కూడబెట్టుకున్న మాటలన్నీ పక్కకు జరిగాయి. మేస్త్రి నోట్లోంచి వచ్చింది ఇదీ:

"రెండు డైపోళ్ళక్కా, నిలువుగా, మధ్యన సగం అల ఎడం. మీరు కూడా స్పష్టంగా అందుతున్నారు. ఇక్కడ ఎండ బాగా ఉంది."

గుమ్మంలో నిలబడ్డ భార్య నెత్తి కొట్టుకుంది. "ఎండ చెప్పడానికా ఇంత గొడవ?"

మేస్త్రి బటన్ మీద వేలు పెట్టుకుని కూర్చున్నాడు. కూతురు వచ్చి, అందరికీ వినబడేలా డిప్పల వైరు పీకి స్పీకరు పెట్టి, ఆయన చేతిలోంచి మైకు మెల్లగా తీసుకుంది.

"అత్తయ్యా, మా నాన్న మాట్లాడలేకపోతున్నాడు. చాన్నాళ్ళ కిందట పెద్ద వానలో ఆయన మిమ్మల్ని పిలిచాడు. కాన్పు ఎలా చెయ్యాలో మీరు చెప్పారు. ఆ రోజు పుట్టింది నేనే."

బటన్ వదిలింది. అవతల ఏమీ లేదు. ఉత్త గాలి. ఎడం మళ్ళీ మారిందేమోనని మేస్త్రి కంగారుగా కిటికీకేసి చూశాడు. మారలేదు. అంగుళం తాడు గుంజకు కట్టేసి ఆయన వెనకే వచ్చి నిలబడ్డాడు.

అప్పుడు గొంతు వచ్చింది. దాంట్లో ఆ పాత వాటం లేదు.

"బతికే ఉన్నావా తల్లీ?"

"ఉన్నానత్తయ్యా" అంది కూతురు.

"ఏడవడం లేదక్కా అన్నారు మీ నాన్న. ఆఖరున విన్నది ఆ మాటే. తరవాత ఎంత పిలిచినా లేరు. ఎవరిని అడిగినా తెలియలేదు. మీ ఊరు కూడా నాకు సరిగ్గా అందలేదు. పిల్ల పోయిందేమో, అది చెప్పలేక మీ నాన్న రేడియో కట్టేశారేమో అనుకున్నాను. ఇన్నేళ్ళూ అలాగే అనుకున్నాను."

మేస్త్రి కుర్చీలో కూలబడ్డాడు. థాంక్స్ చెప్పుకోలేకపోయానని ఆయన ఇన్నేళ్ళు బాధపడ్డాడు. పిల్ల ఏడ్చిందన్న కబురు అవతలకు చేరలేదన్న ఆలోచన మాత్రం ఒక్కనాడూ ఆయన బుర్రకు తట్టలేదు. ఈ ఇంట్లో ఆ ఏడుపు విననివాడు లేడు. వినాల్సిన మనిషి ఒక్కతే వినలేదు.

కూతురి చేతిలోంచి మైకు తీసుకుని అన్నాడు: "ఏడ్చిందక్కా. మీరు చెప్పినట్టే వీపు రుద్దాను, ఏడ్చింది. బ్యాటరీ పోయింది నాకు. మీవల్లే బతికింది, తల్లీ పిల్లా ఇద్దరూ. మీకూ, ఆ డాక్టరుగారికీ మా ఇల్లు ఎన్ని జన్మలకైనా..."

"డాక్టరెవరు తమ్ముడూ?"

"మీ పక్కన ఉండి చెప్పిన డాక్టరు."

"ఇక్కడ డాక్టరెక్కడ? కొండ, దీపం, మేమిద్దరం. నాకా పెళ్ళయినా కాలేదు, కాన్పు సంగతులేం తెలుసు? చెప్పిందంతా మా వంటామె. పొయ్యి దగ్గర తను, ఇక్కడ నేను. నేను మెట్లమీంచి అరిచి అడగడం, తను కింది నుంచి అరిచి చెప్పడం. అందుకే ప్రతిసారీ ఆగమన్నాను మిమ్మల్ని."

అంగుళం బావ చెవి దగ్గరకు వంగాడు. "మహారాణుల కాన్పులు కూడా ఆవిడే చేసి ఉంటుంది బావా."

"చేసే ఉంటుంది" అన్నాడు మేస్త్రి. ఆ మాటలో వేళాకోళం లేదు.

"నేను బదిలీ అయి వెళ్ళినా తను ఈ దీవి వదల్లేదు" అంటోంది గొంతు. "మొన్న నేను తిరిగొచ్చిన రోజు, మూట దించకముందే అడిగింది, ఆ పిల్ల ఏడ్చిందో లేదో తెలిసిందా అని. ఇవాళ తనూ నాతోనే వచ్చేస్తోంది. ఉండండి, లాంచీ దగ్గరకు దిగినట్టుంది, పిలుస్తాను."

ఆ ఉండటం ఎంతసేపో ఎవరూ చూడలేదు. మెట్ల మీద బరువైన అడుగులు వినిపించాయి, వాటితో పాటు ఆయాసం, "ఎక్కడ నొక్కాలి, ఇక్కడేనా" అన్న మాట.

"ఏమే పిల్లా," అంది కొత్త గొంతు, వీధి చివరనుంచి పిలిచినంత గట్టిగా. "బొడ్డు బాగా మానిందా?"

ఖాకీ చొక్కాలో, పెద్ద బస్సు నడిపే మనిషి, చిన్నపిల్లలా తల వంచి పొట్ట చూసుకుంది. "మానింది అమ్మమ్మా."

"చీము పట్టలేదుగా?"

"లేదు."

"నీ ఏడుపు వినాలని ఆ మెట్ల కింద గరిటె పట్టుకుని ఎంతసేపు నిలబడ్డానో. కూర మాడిపోయింది. ఏదీ, ఇప్పుడైనా ఒకసారి ఏడువు, వింటాను."

రేడియో ఏడుద్దామనే నోరు తెరిచింది. నవ్వొచ్చింది. ఆపుకుందామంటే ఆగని నవ్వు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నా అది నవ్వే.

"సరేలే, అదైనా ఒకటే" అంది వంటామె. "ఊపిరితిత్తులు గట్టివే. మరి నిన్ను కన్నది ఏది?"

మేస్త్రి భార్య ఇంతసేపూ గుమ్మం దాటి లోపలికి రాలేదు. పెళ్ళయినప్పటి నుంచి ఆవిడ ఆ మైకును దుమ్ము దులపడానికి తప్ప ముట్టుకోలేదు. ఇప్పుడు వచ్చి, కూతురి పక్కన నిలబడి, దాన్ని రెండు చేతులతో పట్టుకుంది. ఎక్కడ నొక్కాలో కూతురు వేలు పట్టి చూపించింది.

"నేనూ బతికే ఉన్నానమ్మా" అంది.

వేలు తీసింది. మళ్ళీ గబుక్కున నొక్కింది.

"బలం పెట్టొద్దు, ఆగమను అని మీరు చెప్పారట కదా ఒకసారి. అప్పుడు మీరు ఆగమనకపోతే నేను ఉండేదాన్ని కాదని తరవాత నర్సు చెప్పింది. అందరూ పిల్ల సంగతే చెబుతారు. నా సంగతి కూడా మీకు చెప్పాలని నాకుండేది."

"తెలుస్తోందిలే తల్లీ, నీ గొంతు వింటుంటే" అంది వంటామె. "నేనూ అలాగే ఒకసారి ఆగాను. నన్ను ఆగమన్న మనిషి మా అత్త. ఆవిడకు నేను చెప్పుకోలేదు. నువ్వు నాకు చెప్పావు, చాలు. ఇక ఆ లాంచీవాడు కూతలు పెడుతున్నాడు. ఉంటామమ్మా."

మొదటి గొంతు మళ్ళీ వచ్చింది. "తమ్ముడూ, ఆఖరి పిలుపు మీదే అయింది. ఇంతకంటే మంచి పిలుపు ఈ రేడియోకు రాలేదు. మూసేస్తున్నాను." టప్పుమని ఒక చిన్న చప్పుడు. ఆపైన సముద్రం మీద ఉత్త గాలి.

మేస్త్రి వైరు ఊడిన డిప్పలను చెవుల మీంచి తీసి బల్లమీద పెట్టాడు. అంగుళం మెడలోని టేపు తీసి కళ్ళు తుడుచుకోబోయి, అది టేపని గుర్తొచ్చి చొక్కాతో తుడుచుకున్నాడు. కూతురు కిటికీ దగ్గరకు వెళ్ళి నిలబడింది.

మేస్త్రి భార్య మాత్రం మైకు దించలేదు. బటన్ మళ్ళీ నొక్కింది.

"పిల్ల మూడోనెలలో బోర్లా పడిందమ్మా" అంది. "నడక మాత్రం కాస్త ఆలస్యంగా వచ్చింది. మాటలు ముందొచ్చాయి."

"వాళ్ళు వెళ్ళిపోయారే" అన్నాడు మేస్త్రి మెల్లగా.

"తెలుసు" అంది ఆవిడ, వేలు తియ్యకుండానే. "చెప్పాల్సింది ఇంకా ఉంది."

బడిలో మొదటిరోజు ఏం చేసిందో చెప్పడం మొదలుపెట్టింది. మేస్త్రి లేచి, తన కుర్చీ ఆవిడ వెనక్కి జరిపి, కూర్చోమన్నట్టు భుజం మీద చెయ్యి వేశాడు.